కొండవీటి తోటలో నేను పలకని మాట

మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందని చెప్పుకుంటుంటే ముందుగా నవ్వేది నేనే. తాయెత్తులు కట్టించుకునే వాళ్ళను ముఖం మీదే వెక్కిరించేవాణ్ణి. మిరపచేనుకు నీళ్ళు పెట్టటానికి శ్మశానం పక్క డొంకలో ఒక్కణ్ణే వెళ్ళొచ్చిన రాత్రులు లెక్కలేనన్ని. ఏనాడూ ఏదీ కనపడలేదు, వినపడలేదు. ఇప్పుడు రాస్తున్నది పట్టపగలు, బస్సుల నిండా వచ్చిన జనం మధ్య జరిగింది. నాకు అర్థమైపోయి రాస్తున్నాననుకోవద్దు. అర్థం కాకుండానే రాస్తున్నాను.

మాది శావల్యాపురం దగ్గర ఒక పల్లె. పత్తి, మిరప వేస్తాను. పొలంలో కంటే ఊరి రాజకీయాల్లో ఎక్కువ తిరుగుతాను. అన్నయ్య నాకంటే చాలా పెద్ద. మా అమ్మ పోయినప్పుడు నేను రెండో తరగతి. ఆ మరుసటి వేసవిలో వదిన కాపురానికి వచ్చింది. పేరు రత్తమ్మ. నాకు అన్నం కలిపి పెట్టింది, తలంటింది, బడికి పంపింది ఆమే. ఆమెకు పిల్లలు కలగలేదు. నన్ను ‘చిన్నోడా’ అని పిలిచేది. నా మీసం నెరిసినా ఆ పిలుపు మారలేదు.

వదిన పుట్టిల్లు కొండవీడు కొండ కింద. సెలవులకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. అప్పట్లో ఘాట్ రోడ్డు లేదు. పాత మెట్ల దారిన ఎక్కేవాళ్ళం. పైన చెరువులు దాటి కొంచెం లోపలికి పోతే ఒక రాతి గోడ, పూడిపోయిన నీళ్ళ తొట్టి, చుట్టూ అడవిలా పెరిగిన సీతాఫలం చెట్లు ఉండేవి. ఆ ఊరి వాళ్ళు దాన్ని రాజుల తోట అనేవాళ్ళు. రెడ్డిరాజులు ఎండాకాలంలో విడిదికి వచ్చి అక్కడ సేదదీరేవారని, తొట్టిలో గంధం కలిపిన నీళ్ళు నింపేవారని చెప్పుకునేవాళ్ళు. చరిత్రలో ఉందో లేదో నాకు తెలియదు. వదిన మాత్రం కళ్ళారా చూసినట్టే చెప్పేది. “ఇక్కడ రాణిగారి మల్లెపందిరి. అక్కడ ఊయల,” అని బోడి నేలను చూపించేది. సీతాఫలం కాయను చేత్తో చిదిపి, గింజలు తీసి, నా నోట్లో పెట్టేది.

ఆ మనిషిని నేను ఏమన్నానో ఇక్కడ చెప్పకపోతే మిగతాది రాయటానికి నాకు అర్హత లేదు.

కిందటి పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్ళకు వచ్చింది. అన్నయ్య వాళ్ళ పార్టీ వదినను నిలబెట్టింది. నేను ఎదుటి పార్టీలో ఉన్నాను కాబట్టి నా భార్య సుజాతను నిలబెట్టాను. ఒకే వాకిట్లో రెండు కాపురాలు, రెండు జెండాలు. సుజాత గెలిచింది. ఆ సాయంత్రం ట్రాక్టర్ మీద ఊరేగింపు మా వాకిటి ముందుకు వచ్చింది. ఓడిపోయిన వదిన చేతిలో హారతి పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది, తోడికోడలికి దిష్టి తీద్దామని. నా చేతిలో మైకు ఉంది. పక్కన కుర్రాళ్ళు ఈలలు వేస్తున్నారు. “గొడ్డుపోయిన కొంపకు ఊరి పెత్తనం దేనికి?” అన్నాను.

మైకులో అన్నాను. ఊరంతా విన్నది.

ఆమె పళ్ళెం కింద పెట్టి లోపలికి వెళ్ళింది. కోపంగా కూడా చూడలేదు. అన్నయ్య అదే నెలలో వాకిలి మధ్యగా గోడ కట్టించాడు. “వాడితో ఈ ఇంట్లో ఎవరు మాట్లాడినా నన్ను చంపుకుతిన్నట్టే,” అని ఒట్టు పెట్టాడు. మా పల్నాట్లో మాటలు పోయిన ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటాయి. మాటలు లేకపోవటం కూడా ఒక ఆస్తిలాగా కొడుకులకు ఇచ్చిపోతారు. మా ఇల్లూ వాటిలో ఒకటైంది.

వదిన ఆ ఒట్టు తప్పలేదు. గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది.

వాళ్ళ వసారాలో ఆమె నులక మంచం గోడకు ఆనుకుని ఉండేది. ఇవతల మా ఇంటి తలుపు లోపల, మేము అన్నాలు తినే చోటు. “గోడా, చిన్నోడు పొద్దున్నించి దగ్గుతున్నాడు. సుజాతకి చెప్పి మిరియాల కషాయం పెట్టించు,” అనేది. “గోడా, చిన్నోడి చేలో పురుగు పడ్డదంట. నిజమేనా?” అనేది. సుజాత కూడా ఇటునుంచి గోడతోనే జవాబు చెప్పేది. వెనక ఇంట్లో ఉండే మస్తాన్‌బీ పిన్ని ఒకసారి నవ్వింది.

“ఏందమ్మాయ్, ఆ గోడకి పిచ్చి పట్టిచ్చేట్టున్నావు.”

“గోడ నయం పిన్నీ. మడిసితో మాట్లాడొద్దన్నాడు గానీ గోడతో వద్దన్లేదుగా మీ అబ్బాయి. ఎంత వాగినా ఎదురు చెప్పదు కూడా.”

అన్నయ్య ఆ వసారాలోనే కూర్చుని విననట్టు ఉండేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు. ప్రతి మధ్యాహ్నం ఒకే ప్రశ్న అడిగేది. “గోడా, చిన్నోడు తిన్నాడా?” అడిగి కాసేపు ఆగేది. ఆ ఆగటం నాకు స్పష్టంగా తెలిసేది. నేను పలకాలని ఆగేది. నేను పళ్ళెంలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి, లేకపోతే టీవీ సౌండ్ పెంచేవాణ్ణి. చివరకు ఆమే “సర్లే” అని లేచిపోయేది. గాజుల చప్పుడు దూరమయ్యేది.

సుజాత నన్ను తిట్టేది. “తిన్నా వదినా అంటే నీ నోట్లో ముత్యాలేవన్నా రాలిపోతయ్యా? అంత మాట అన్న నోరు, ఇంత మాట అనలేదా?”

అనలేకపోయాను. పలికితే నేను వంగినట్టు అవుతుందని, ఆ మాట తప్పని ఒప్పుకున్నట్టు అవుతుందని అనుకున్నాను. తప్పేనని నాకు ఆ ట్రాక్టర్ దిగకముందే తెలుసు. తెలిసి కూడా పలకలేదు. ఇట్లా ఏళ్ళు గడిచాయి.

పోయిన కార్తీకంలో మా వీధి వాళ్ళం కొండవీడుకు వనభోజనాలు పెట్టుకున్నాం. పెత్తనం నాదే. స్కూలు బస్సులు మాట్లాడాను. ఊళ్ళో కార్లు, ఆటోలు ఉన్నవాళ్ళను కూడా రమ్మన్నాను. ప్రతి గడపకూ వెళ్ళి పిలిచాను. అన్నయ్య గడప దాటుకుని పక్కింటికి పోయాను. వదినను గోడ మీదగా పిలుస్తానని సుజాత అంటే వద్దన్నాను. ఆ ముందు రోజు గోడ అవతలి నుంచి, “గోడా, కొండకి ఎవరెవరు పోతన్నారంట?” అని వినపడింది. ఆ కొండ ఆమె పుట్టింటి కొండ. నేను టీవీ పెట్టాను.

ఆదివారం తెల్లారకముందే బయలుదేరి, నరసరావుపేట, ఫిరంగిపురం మీదుగా కొండ చేరాం. ఇప్పుడు పైదాకా రోడ్డు ఉంది. కొత్తగా వేసిన పూలమొక్కలు, బెంచీలు, పిల్లలకు ఉయ్యాలలు ఉన్నాయి. ఉసిరి చెట్టు కింద పూజ చేసి, బంతులు వేసుకుని అన్నాలు తిన్నాం. నేను అందరికంటే ముందు బంతిలోనే కూర్చున్నాను. తిన్నాక సిగరెట్ కాల్చుకుందామని పెద్దవాళ్ళ చాటుకు నడిచాను. చెరువు దాటి లోపలికి పోతే కాళ్ళు వాటంతట అవే పాత దారి పట్టాయి.

రాజుల తోట అట్లాగే ఉంది. గోడ ఒక పక్క కూలింది. తొట్టిలో ఎండుటాకులు. సీతాఫలాలు అయిపోవచ్చాయి. ఒకటి రెండు నల్లబడి కొమ్మలకే ఎండి ఉన్నాయి. అంత అందమైన చోటని నా చిన్నతనంలో ఎందుకు అనుకున్నానో ఆ క్షణంలో తెలిసింది. ఆమె చెప్తుంటే అందంగా ఉండేది. ఆమె లేకపోతే అది రాళ్ళు, ముళ్ళు. గోడకు వీపు ఆనించి నిలబడి సిగరెట్ వెలిగించాను.

గోడ వెనక నుంచి వినపడింది.

“గోడా, చిన్నోడు తిన్నాడా?”

గుసగుస కాదు. గాలి మోత కాదు. రోజూ వసారాలో వినపడే గొంతే. పనంతా అయ్యాక వచ్చి మంచం మీద కూలబడినప్పటి అలసట కూడా అందులో ఉంది. నా చేయి చప్పున సిగరెట్‌తో సహా వీపు వెనక్కి పోయింది. ఆమె ముందు నేను ఎన్నడూ కాల్చలేదు.

నిజం చెప్పాలంటే భయం వేయలేదు. కోపం వచ్చింది. సుజాత నాకు తెలియకుండా పిలిచిందని, వీళ్ళు ఏదో కారులో వచ్చేశారని, నలుగురిలో నన్ను పలికించాలని చూస్తున్నారని అనుకున్నాను. గోడ అవతల నిశ్శబ్దంగా ఉంది. అది ఆమె ఆగే ఆగటమే. గాజులు ఒకసారి కదిలినట్టు కూడా అనిపించింది.

పెదవులు బిగించి నిలబడ్డాను. ఈ సంగతి నాకు ఎంత గుర్తుందంటే, పళ్ళు నొక్కుకున్నందుకు దవడ నొప్పి పుట్టటం కూడా గుర్తే. నేను పలకలేదు. ఒక్క అక్షరం పలకలేదు.

ఆ నిశ్శబ్దం తర్వాత ఆమె ఎప్పుడూ అనే “సర్లే” మాత్రం వినపడలేదు. కాసేపు చూసి, గోడ కూలిన చోటుకు వెళ్ళి అటు తొంగి చూశాను. ఎవరూ లేరు. ఆ సందులో అడ్డంగా సాలెగూడు ఉంది, చెదరలేదు. అవతల రెండు బారల నేల తర్వాత లోయ. మనిషి వచ్చే దారి గానీ పోయే దారి గానీ లేదు. వెనక్కి వచ్చి అదే గోడ దగ్గర గట్టిగా దగ్గి చూశాను, మారుమోగుతుందేమోనని. మోగలేదు.

ఉసిరి చెట్టు దగ్గరకు వచ్చి సుజాతను పక్కకు పిలిచాను.

“వాళ్ళను నువ్వు పిలిచావా?”

“ఎవర్ని?”

“ఆవిడ్ని. తోట గోడ వెనకాల ఉంది.”

సుజాత నన్ను కిందికీ పైకీ చూసింది. “ఏందయ్యా, పులిహోర ఎక్కువై నిద్రమత్తులో ఉన్నావా? నన్ను పిలవనిచ్చావా నువ్వు? పిలవని పేరంటానికి అక్క వచ్చే మడిసేనా?”

ఆమె చేతిలో ఫోన్ అప్పుడే మోగింది. మా ఊరి నుంచి. మస్తాన్‌బీ పిన్ని మనవరాలు చేసింది. వదిన పోయిందని చెప్పింది.

కొండ దిగటం, దారి, ఏదీ నాకు సరిగ్గా గుర్తులేదు. పొద్దున్నించి గుండెల్లో మంటగా ఉందని పడుకుందట. ఉన్నట్టుండి ఎక్కువైందట. అన్నయ్య బండి కోసం వీధిలోకి పరుగెత్తాడు. వీధిలో బండి లేదు. ఉన్న బండ్లన్నిటినీ కొండ ఎక్కించింది నేను. ఉంటే మాత్రం ఆస్పత్రి దాకా ప్రాణం నిలిచేదో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ అనుమానం నాకు మిగిలింది. మిగలటం న్యాయమే.

అన్నయ్య నన్ను గడప తొక్కనివ్వడని అనుకున్నాను. నలుగురిలో మీదికి వస్తాడేమోనని మా వాళ్ళు నా చుట్టూ నిలబడ్డారు కూడా. నేను లోపలికి పోగానే ఆయన లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

“ఆ ఒక్క మాటా అన్నావు. చాల్రా చిన్నోడా. అది చాలు దానికి,” అన్నాడు.

ఏ మాటో నాకు అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటున్నాడనుకున్నాను. దహనం అయ్యి అందరూ స్నానాలు చేస్తుండగా మస్తాన్‌బీ పిన్ని నన్ను పెరట్లోకి పిలిచి చెప్పింది. ప్రాణం పోయే వేళ పిన్ని వదిన కాళ్ళు పడుతూ మంచం మీద కూర్చుని ఉందట. అన్నయ్య తలవైపు ఉన్నాడట.

“గోడ దిక్కు తిరిగిందయ్యా. గోడా, చిన్నోడు తిన్నాడా అని అడిగింది. రోజూ అడిగేదేగా, నేనూ పట్టిచ్చుకోలా. నువ్వు ఇవతల నుంచి పలికావు గదా, తిన్నా వదినా అని. ఎంత మెత్తగా అన్నావయ్యా. చిన్నప్పుడు బళ్ళో నించి వచ్చి అన్నట్టే అన్నావు. ఆ పిల్ల మొగం చూడాల్సింది నువ్వు. సర్లే అని కళ్ళు మూసుకుంది. మీ అన్న బండికని బయటికి ఉరికాడు. నువ్వు కొండకి పోలేదేమో అనుకుని నిన్ను పిలుద్దామని మీ ఇంటికొచ్చా. తాళం ఏసుంది. ఎప్పుడు పోయావో, ఎటు పోయావో.”

“పిన్నీ, నేను కొండ మీద ఉన్నాను,” అన్నాను.

ఆమె నా వంక చాలాసేపు చూసింది. “అల్లా,” అని గొణుక్కుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు తర్వాత ఆమె ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

నేను మా ఇంటికి వచ్చి చూశాను. వీధి తలుపు తాళం మేము వేసినట్టే ఉంది. తాళంచెవి సుజాత కొంగున ఉంది. పెరటి తలుపు లోపల గడియ. కరెంటు మెయిన్ ఆపి వెళ్ళాం కాబట్టి టీవీ గానీ మరొకటి గానీ మోగే వీలు లేదు. మా అమ్మాయి గుంటూరు హాస్టల్లో ఉంది. వదినా అని ఆమెను పిలిచే మగమనిషి ఈ భూమ్మీద నేను ఒక్కణ్ణే. నేను కొండ మీద తోట గోడ దగ్గర ఆమె ప్రశ్న విన్నదీ, ఇక్కడ వీళ్ళు నా జవాబు విన్నదీ ఒకే వేళకని ఫోన్ వచ్చిన తీరును బట్టి అనుకుంటున్నాను. ఖచ్చితంగా చెప్పలేను.

పెద్దకర్మ దాకా ఆగాను. ఆ పది రోజులూ అన్నయ్య నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వచ్చిన ప్రతి ఒక్కరికీ, “పొయ్యేముందు మావాడు పలికాడు దానికి,” అని చెప్పాడు. మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అది వినయమని వాళ్ళు అనుకున్నారు. చివరకు భరించలేక, పందిరి కింద ఎవరూ లేని వేళ చూసి చెప్పేశాను. తోట, గోడ, నేను పళ్ళు బిగించుకుని నిలబడటం, అన్నీ చెప్పాను. ఆ మాట నేను అనలేదని, అనగలిగి ఉండి కూడా అనలేదని చెప్పాను.

అన్నయ్య అంతా విన్నాడు. కోప్పడలేదు.

“అబద్ధం ఆడబాకరా. నీ గొంతు నాకు తెలవదా? మధ్యలో వెనక్కి వచ్చుంటావు. పలికి, మళ్ళా పెరట్లో నించి పోయుంటావు. నీ టెక్కు నాకు కొత్తా ఏంది?”

“అన్నయ్యా, అంత జనం చూశారు నన్ను కొండ మీద. ఎవర్నయినా అడుగు.”

“వాళ్ళందరూ మీ పార్టీ వాళ్ళేగా,” అన్నాడు.

ఈ ఊళ్ళో సాక్ష్యానికి ఉన్న విలువ అంతే. దానికి ఆ విలువ కట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పార్టీ చూసి నిజం నమ్మటం నేను ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. ఇప్పుడు నేను చెప్పిన ఒక్క నిజాన్ని మా అన్న నమ్మటం లేదు.

సుజాతకు కూడా చెప్పాను. “ఆయనకి ఇంకోసారి ఆ మాట చెప్పబాక. నీ మనసు తేలిక చేసుకోటానికి ఆయన దగ్గరున్న ఆ ఒక్కటీ లాక్కుంటావా?” అంది. ఆలోచిస్తే అదీ నిజమే అనిపించింది. మళ్ళీ చెప్పలేదు.

అన్నయ్య ఇప్పుడు మా ఇంట్లోనే తింటున్నాడు. మేం మాట్లాడుకుంటున్నాం. పత్తి ధర గురించి, మోటారు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి. ఒక్కోసారి తింటూ తింటూ ముద్ద ఆపి అడుగుతాడు.

“ఆ రోజు అంతేనా? ఇంకేవన్నా అన్నావారా దానితో? నాకు సగం వినపడి ఉండదు.”

“అంతే అన్నయ్యా,” అంటాను.

ఆయన తల ఊపి మళ్ళీ తింటాడు.

చదివిన వాళ్ళను అడిగాను. కంగారులో, బాధలో ఇద్దరు మనుషులు ఒకే మాట విన్నట్టు భ్రమపడొచ్చని ఒక డాక్టరు చెప్పాడు. తోటలో నేను విన్నది తప్పు చేశానన్న నా మనసులోని బాధే అయి ఉండొచ్చని ఇంకొకరు అన్నారు. కావచ్చు. ఇప్పటికీ దెయ్యాలున్నాయని నేను అనను. ఆమె కొండకు ఎట్లా వచ్చిందో, తాళం వేసిన నా ఇంట్లోంచి నా గొంతుతో పలికింది ఎవరో నాకు తెలియదు. నేను కాదని మాత్రం తెలుసు. ఆ సంగతి ఊరంతటిలో నాకొక్కడికే రూఢిగా తెలుసు. నేనే అయి ఉంటే బాగుండేది.